అదునూ పదునూ తెలిసినవారే ప్రొడక్ట్ ఓనర్

రోహిణి కార్తె వెళ్లి మృగశిర వచ్చిందంటే ఉమ్మడి కర్నూలు జిల్లా మెట్ట రైతుకు కాలు నిలవదు. దుక్కి అయిపోయి ఉంటుంది. విత్తనం ఇంట్లో ఉంటుంది. గొర్రు సిద్ధంగా ఉంటుంది. ఒక్క వాన పడితే శెనక్కాయ వేసేద్దామని మనసు లాగుతుంది. వేశాక వాన మొహం చాటేస్తే విత్తనం మట్టిపాలు. ఆగితే అదును దాటిపోతుందేమోనని భయం. ఏడాదికి సగటున 670 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, అదీ చెప్పాపెట్టకుండా పడే చోట, ఈ ఒక్క నిర్ణయం మీదే ఆ ఏటి బతుకు ఆధారపడి ఉంటుంది.

2016 జూన్‌లో దేవనకొండ మండలంలో 175 మంది రైతులు ఆకాశంతో పాటు సెల్‌ఫోన్ వైపు కూడా చూశారు. ఎప్పుడు విత్తాలో చెప్పే చిన్న సందేశం తెలుగులో వాళ్ల ఫోన్‌కు వచ్చేది. పటాన్‌చెరులోని పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి చేసిన ప్రయోగం అది. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు. పొలంలో పరికరాలు పాతక్కర్లేదు. రైతు పైసా ఖర్చు పెట్టక్కర్లేదు. మామూలు బటన్ ఫోన్ చాలు.

ఆ చిన్న సందేశం వెనక ఎన్నో నిర్ణయాలున్నాయి. ఎవరికి చెప్పాలి? ఏం చెప్పాలి? ఏది చెప్పకుండా వదిలేయాలి? ఎప్పుడు చెప్పాలి? ఏ పరికరానికి పంపాలి? సాఫ్ట్‌వేర్ బృందాల్లో ఇలాంటి నిర్ణయాల బాధ్యతను ఒక్కరి భుజాన పెడతారు. ఆ ఒక్కరినే ప్రొడక్ట్ ఓనర్ అంటారు. కోడ్ రాయడం నేర్పే చోట్లు మనకు వీధికొకటి ఉన్నాయి. ఏ కోడ్ రాయాలో నిర్ణయించే విద్య నేర్పే చోట్లు చాలా తక్కువ. ఆ విద్య ఏమిటో, దాన్ని నేర్చుకునే దారి ఏదో చూద్దాం. అందుకు కర్నూలు, కడప నేలల్లోనే మంచి పాఠాలున్నాయి.

కాలువ చెప్పే పాఠం

కర్నూలు, కడపలను కలిపే పాత బంధం కేసీ కాలువ. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు సాగుతుంది. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ దీన్ని తవ్వడం మొదలుపెట్టింది. ఇటు సాగునీరు, అటు పడవల రవాణా, రెండింటి మీదా రాబడి వస్తుందని కంపెనీ లెక్కలు వేసుకుంది. లండన్‌లో పెట్టుబడి పోగైంది. పటాలు గీశారు, కాలువ తవ్వారు, నీళ్లు వదిలారు.

అనుకున్న రాబడి రాలేదు. ఈ దారిలో చాలా భాగం నల్లరేగడి. వానాధారంగా జొన్న, పత్తి పండించడం అక్కడి రైతుకు తరతరాల అలవాటు. మామూలు ఏడాదిలో డబ్బు కట్టి నీళ్లు పెట్టించుకోవలసిన అవసరం అతనికి కనిపించలేదు. కంపెనీ నష్టాల్లో మునిగింది. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది.

ఇవాళ అదే కాలువ కింద సుమారు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. నీళ్లు రాకపోతే రైతులు రోడ్డెక్కుతారు. కాబట్టి కాలువ చెడ్డదని ఎవరూ అనలేరు. వాడుకునేవాడు ఎవరు, వాడికి ఏది కావాలి, ఏ పంటకు, ఏ కాలంలో అన్న ప్రశ్నలకు జవాబు తెలుసుకోకుండానే మొత్తం కట్టేయడమే అప్పటి పొరపాటు. తప్పు తెలిసేసరికి తవ్వకమంతా అయిపోయింది.

సాఫ్ట్‌వేర్ కూడా చాలాకాలం ఇలాగే కట్టారు. ముందు అవసరాలన్నీ రాసుకోవడం, తర్వాత నమూనా, తర్వాత కోడ్, తర్వాత పరీక్ష, అన్నిటికన్నా చివర వాడేవాడి చేతికి. ఒక మెట్టు మీంచి మరో మెట్టుకు నీళ్లు దూకినట్టు పని కిందికి జారుతుంది కాబట్టి దీనికి వాటర్‌ఫాల్ అని పేరొచ్చింది. ఈ మెట్ల బొమ్మ 1970లో విన్‌స్టన్ రాయిస్ రాసిన వ్యాసంలో కనిపిస్తుంది. ఇలా ఒక్క ఊపులో దిగిపోవడం ప్రమాదమని ఆయన అదే వ్యాసంలో హెచ్చరించాడు. బొమ్మ లోకమంతా పాకింది, హెచ్చరికను మాత్రం చాలామంది పట్టించుకోలేదు.

రగ్బీ ఆట నుంచి వచ్చిన పేరు

1986లో హిరోటకా టకేయుచి, ఇకుజిరో నొనాకా అనే ఇద్దరు జపాన్ పండితులు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశారు. కొత్త వస్తువులను వేగంగా తయారుచేస్తున్న కంపెనీల్లో బృందం రగ్బీ జట్టులా మొత్తం ఒక్కటై బంతితో ముందుకు సాగుతుందని వాళ్లు గమనించారు. రగ్బీలో ఆటగాళ్లు తలలు కలిపి తోసుకునే వ్యూహం పేరు స్క్రమ్. 1993లో జెఫ్ సదర్లాండ్ ఈజిల్ అనే కంపెనీలో ఈ పద్ధతిని సాఫ్ట్‌వేర్‌కు అన్వయించాడు. 1995లో ఆయన, కెన్ ష్వేబర్ కలిసి టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో జరిగిన సదస్సులో దీన్ని లోకానికి వివరించారు. 2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్‌లో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలుసుకుని ఒక ప్రకటన చేశారు. ఎజైల్ అనే మాట అక్కడి నుంచే ప్రచారంలోకి వచ్చింది.

ఈ పద్ధతి సారాంశం చెప్పుకుంటే సులభం. అంతా ఒకేసారి కట్టవద్దు. కొంచెం కట్టు, వాడేవాడికి చూపించు, నేర్చుకో, దిద్దుకో, మళ్లీ కట్టు. ఈ ఒక్కో విడతను స్ప్రింట్ అంటారు. నెల మించకూడదు, చాలా బృందాల్లో రెండు వారాలే. స్ప్రింట్ మొదట్లో ఏం చేయాలో కూర్చుని అనుకుంటారు. రోజూ 15 నిమిషాలు కలుస్తారు. చివర్లో తయారైనదాన్ని సంబంధమున్న వాళ్ల ముందు పెట్టి, వాళ్లు చెప్పేది వింటారు.

బృందంలో సాధారణంగా పది మందికి మించరు. వస్తువును తయారుచేసేవాళ్లు డెవలపర్లు. పద్ధతి సరిగ్గా సాగేలా చూసేవాడు స్క్రమ్ మాస్టర్. పడే కష్టానికి తగిన విలువ వస్తుందా అని చూసేవాడు ప్రొడక్ట్ ఓనర్. చేయదగిన పనులన్నీ వరసగా ఉండే చిట్టాను ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్ అంటారు. ఆ చిట్టాలో ఏది పైన ఉండాలి, ఏది కింద ఉండాలి, ఏది అసలు ఉండకూడదు అన్నది ఆయనే తేలుస్తాడు.

ఓనర్ అన్నారు కదా అని ఆస్తికి యజమాని అనుకోకూడదు. బృందం మీద పెత్తనం కూడా ఆయనకు లేదు. పని ఎలా చేయాలో డెవలపర్లు నిర్ణయించుకుంటారు. ఏది ముందు చేయాలన్నదే ఆయన వంతు. స్క్రమ్‌కు మూల గ్రంథమైన స్క్రమ్ గైడ్ 2010లో మొదట వెలువడింది, 2020 నవంబరులో తాజాగా సవరించారు. ప్రొడక్ట్ ఓనర్ ఒకే వ్యక్తి అయి ఉండాలని, కమిటీ కాకూడదని అందులో స్పష్టంగా ఉంది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. పదిమంది సలహా వినాలి, నిర్ణయం మాత్రం ఒక్కరు తీసుకోవాలి, దాని మంచిచెడులకు ఆ ఒక్కరే జవాబు చెప్పాలి.

పదునును అంకెగా మార్చితే

మళ్లీ దేవనకొండకు వెళ్దాం. విత్తనం వేయాలంటే అదునూ పదునూ కుదరాలని మన పెద్దలంటారు. అదును అంటే సరైన సమయం. పదును అంటే విత్తనం మొలకెత్తి నిలదొక్కుకునేంత తేమ నేలలో ఉండటం. పిడికెడు మట్టి తీసి నొక్కి చూసి రైతు పదును చెబుతాడు. అయితే ఈ రోజు పదునే అతనికి తెలుస్తుంది. మూడు వారాల తర్వాత ఎలా ఉంటుందో మట్టి చెప్పదు.

ప్రయోగం చేసినవాళ్లు ఈ పదునునే అంకెగా మార్చారు. దాన్ని తెలుగులో తేమ సమృద్ధి సూచీ అనుకోవచ్చు. నీటికి లోటు లేకపోతే పైరు, నేల కలిసి ఎంత నీటిని ఆవిరిగా వదులుతాయో ముందు లెక్కిస్తారు. ఉన్న తేమతో నిజంగా ఎంత వదలగలుగుతున్నాయో తర్వాత లెక్కిస్తారు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేదే ఈ సూచీ. 1కి దగ్గరగా ఉంటే పైరు హాయిగా ఉన్నట్టు. కిందికి జారేకొద్దీ దాహంతో ఉన్నట్టు.

దేవనకొండ ప్రాంతానికి 1986 నుంచి 2015 దాకా 30 ఏళ్ల వాతావరణ వివరాలను కంప్యూటర్‌తో విశ్లేషించారు. ఆ ఏడాది రోజూ నమోదైన వానను రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థ నుంచి తీసుకున్నారు. రాబోయే రోజుల అంచనాలను ఎవేర్ అనే అమెరికా సంస్థ ఇచ్చింది. మూడూ కలిపితే విత్తడానికి అనువైన వారం తేలింది.

ఆ ఏడాది సలహా ఏమిటంటే, ఆగమని. జూన్ మొదటి వారంలో, అంటే మృగశిర ముంగిట్లో విత్తినవాళ్లను ఆగస్టు బెట్ట దెబ్బతీసింది. ఊడలు దిగే, కాయ ఊరే దశల్లో తేమ లేకపోతే వేరుశనగ కోలుకోదు. సందేశం వచ్చేదాకా ఆగి జూన్ చివర, జులై మొదట్లో విత్తినవాళ్లు గట్టెక్కారు. మన లెక్కలో అది ఆరుద్ర కార్తె. ప్రయోగంలో ఉన్న రైతులకు సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందని సంస్థలు ప్రకటించాయి. 2017లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో 3,000 మందికి పైగా రైతులకు, రాగి, మొక్కజొన్న, వరి, పత్తి వంటి పంటలకు విస్తరించారు. అక్కడ పెరుగుదల పంటను బట్టి 10 నుంచి 30 శాతం మధ్య ఉంది.

ప్రొడక్ట్ ఓనర్ కాదలచుకున్నవారు ఇందులో మూడు సంగతులు గమనించాలి. ఒకటి, చిన్నగా మొదలుపెట్టడం: ఒక మండలం, ఒక పంట, ఒక పంటకాలం, 175 మంది. తప్పు జరిగినా నష్టం చిన్నది, నేర్చుకునేది పెద్దది. రెండు, వదిలేసినవి. పరికరాలు, స్మార్ట్‌ఫోన్, రైతు పెట్టుబడి, ఇవన్నీ పక్కన పెట్టడం వల్లే అది రైతు చేతికి చేరింది. మూడు, ఫలితాన్ని నిలదీయడం. ఆ సందేశాల్లో విత్తే తేదీతో పాటు విత్తనశుద్ధి, విత్తే లోతు, కలుపు, పశువుల ఎరువు, కోత, నిల్వ సలహాలు కూడా ఉన్నాయి. దిగుబడి పెరిగిందంటే అందులో తేదీ వాటా ఎంత, విత్తనశుద్ధి వాటా ఎంత? మరుసటి విడతలో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తెలియాలంటే ఈ ప్రశ్న వేసుకోక తప్పదు. అంకె బాగుందని సంబరపడి ఆగిపోయేవారికి ఈ ఉద్యోగం నప్పదు.

ఒక చీటీని దగ్గరగా చూద్దాం

బ్యాక్‌లాగ్‌లోని పనులను చాలా బృందాలు యూజర్ స్టోరీలుగా రాసుకుంటాయి. ఎవరికి కావాలి, ఏం కావాలి, ఎందుకు కావాలి అన్న మూడింటినీ ఒక చిన్న చీటీ మీద రాస్తారు. రాన్ జెఫ్రీస్ అనే నిపుణుడు 2001లో దీనికి మూడు అంగాలు చెప్పాడు. చీటీ ఉండాలి, దాని మీద మాట్లాడుకోవాలి, పూర్తయిందని ఎలా తేల్చాలో ముందే ఒప్పుకోవాలి. కొత్తవాళ్లు చీటీ రాస్తారు, మిగతా రెండూ మరిచిపోతారు.

శిక్షణలో చేయదగిన అభ్యాసం ఒకటి చూడండి. ఎప్పుడు విత్తాలో చెప్పే సందేశాన్ని మనమే తయారుచేస్తున్నాం అనుకుందాం. కొత్తగా చేరినవారు రాసే చీటీ సాధారణంగా ఇలా ఉంటుంది: "రైతులకు వాతావరణ సమాచారం ఇవ్వాలి." ఏ రైతుకు? ఏ సమాచారం? అది తెలిశాక ఆయన ఏం చేస్తాడు? దీన్ని చూసి డెవలపర్ ఏమైనా కట్టవచ్చు. అందుకే ఇది పనికిరాదు.

దిద్ది రాస్తే ఇలా అవుతుంది: "వానాధారంగా వేరుశనగ వేసే రైతును నేను. ఈ వారం విత్తాలో, ఆగాలో నాకు సోమవారం పొద్దున్నే తెలియాలి. తెలిస్తే గొర్రుకూ కూలీలకూ ముందుగా చెప్పుకుంటాను." ఇందులో మనిషి ఉన్నాడు, గడువు ఉంది, కారణం ఉంది.

ఇప్పుడు మాట్లాడుకోవడం మొదలవుతుంది. ఒక ఎస్ఎంఎస్‌లో ఇంగ్లిష్ అక్షరాలైతే 160 పడతాయి. తెలుగులో రాస్తే 70 మాత్రమే పడతాయి, ఎందుకంటే తెలుగు సంకేతాలకు ఒక్కోదానికి ఎక్కువ చోటు కావాలి. పైగా మనం ఒక అక్షరంగా చూసేదాన్ని ఫోన్ హల్లు, గుణింతం, పొల్లు అని విడివిడిగా లెక్కపెడుతుంది. "విత్తండి" మన కంటికి మూడక్షరాలు. ఫోన్ లెక్కలో 8. "ఈ వారం విత్తవద్దు" అన్న చిన్న వాక్యానికే ఖాళీలతో కలిపి 17 స్థానాలు పోతాయి. ఊరి పేరు, తేదీ, విత్తనశుద్ధి సలహా అన్నీ కూరితే సందేశం ముక్కలవుతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. "విత్తవచ్చు", "విత్తవద్దు" అన్న మాటలను పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఒక్క అక్షరమే. బటన్ ఫోన్ చిన్న తెరమీద, ఎండలో, చత్వారం వచ్చిన కళ్లతో చదివే రైతు ఒకదాన్ని ఇంకొకటిగా చదివితే పంటకాలమంతా పోతుంది. తెలుగు రాని ప్రొడక్ట్ ఓనర్‌కు ఈ ప్రమాదం కలలో కూడా తట్టదు. తెలిసినవాడు ఆ రెండు మాటలనూ తీసేసి "విత్తండి", "ఆగండి" అని పెడతాడు. "ఆగండి" ఐదు స్థానాలే. చూపు పడగానే తేడా తెలిసిపోతుంది.

ఇక మూడో అంగం, పూర్తయిందని తేల్చడం. సందేశం ఒకే ఎస్ఎంఎస్‌లో పట్టాలి. సోమవారం ఏడు గంటలకల్లా చేరాలి. ఊళ్లో పదిమందికి చూపిస్తే పదిమందీ ఒకే అర్థం చెప్పాలి. ఈ మూడూ జరిగితేనే పని అయినట్టు. చీటీ మీద మూడు వాక్యాలు రాయడం వెనక ఇంత ఆలోచన ఉంది.

ఏది ముందు, ఏది తర్వాత

వరస పెట్టడం ఈ విద్యకు గుండెకాయ. అందుకు చాలా పద్ధతులున్నాయి. డొనాల్డ్ రైనర్ట్‌సెన్ ప్రచారంలోకి తెచ్చిన ఒక లెక్క మన రైతుకు సులభంగా అర్థమవుతుంది. ఆలస్యమైతే వచ్చే నష్టాన్ని, పనికి పట్టే శ్రమతో భాగించాలి. ఎక్కువ వచ్చినదాన్ని ముందు చేయాలి. ఆలస్యానికి వెల కట్టడం అంటే అదును లెక్కించడమే.

ఊహకు అంకెలు వేసుకుందాం. జూన్ నెల. విత్తే సందేశం ఆలస్యమైతే నష్టం 20, శ్రమ 5. భాగిస్తే 4. చదవడం రానివారికి ఫోన్‌లో మాటగా చెప్పే సదుపాయం: నష్టం 13, శ్రమ 5, వచ్చేది 2.6. మార్కెట్ ధరలు చెప్పే సదుపాయం: నష్టం 8, శ్రమ 8, వచ్చేది 1. ఆకు ఫొటో చూసి తెగులు చెప్పే ప్రోగ్రాం: నష్టం 20, శ్రమ 20, ఇదీ 1. బృందం రెండు వారాల్లో 10 పాళ్ల శ్రమే చేయగలదు. కాబట్టి విత్తే సందేశం, మాట సందేశం, అంతే. ఫొటో ప్రోగ్రాం ఎంత ఆకర్షణగా ఉన్నా ఆగాలి.

అక్టోబరు వచ్చేసరికి అంకెలు తిరగబడతాయి. కోతలు అయ్యాయి, పంట మార్కెట్ యార్డుకు వెళ్తోంది. ఇప్పుడు ధరల సమాచారం ఆలస్యమైతే నష్టం 24. శ్రమ అదే 8. వచ్చేది 3. విత్తే సందేశంలో మార్పులకు తొందర లేదు. పని మారలేదు, బృందం మారలేదు, కాలం మారింది, వరస మారింది. బ్యాక్‌లాగ్‌ను ఒకసారి రాసి గోడకు అంటించకూడదని చెప్పేది ఇందుకే.

ఈ అంకెలు నిర్ణయాన్ని తీసుకోవు, నిర్ణయాన్ని వెలుగులోకి తెస్తాయి. "నాది ముందు ఎందుకు చేయలేదు?" అని పెద్ద అధికారి అడిగినప్పుడు ప్రొడక్ట్ ఓనర్ చిట్టా చూపించి కారణం చెప్పగలగాలి. మర్యాదగా, కారణంతో, పగ మిగలకుండా "ఇప్పుడు కాదు" అని చెప్పడం ఈ ఉద్యోగంలో కష్టమైన భాగం. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగిన మన పిల్లలకు అది ఇంకా కష్టం. శిక్షణలో దీనికే ఎక్కువ సమయం ఇవ్వాలి.

నీటి లెక్కల బడి

శిక్షణ ఎలా ఉండాలన్న ప్రశ్నకు కూడా ఈ నేల మీదే ఒక జవాబు ఉంది. 2003లో మొదలై కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ అనే ఏడు కరువు జిల్లాల్లో ఒక ప్రాజెక్టు నడిచింది. భూగర్భజలాన్ని రైతులే చూసుకునేలా చేయడం దాని ఆశయం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పడింది.

అక్కడ పాఠాలు ఉపన్యాసాలుగా సాగలేదు. రైతులు రోజూ వాన కొలిచారు. పక్షానికోసారి బోరులో నీటిమట్టం కొలిచారు. ఊళ్లో అందరికీ కనిపించేలా బోర్డు మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని నేల కింద ఎంత నీరుంది, అనుకున్న పంటలకు ఎంత కావాలి అని లెక్క వేశారు. దీన్ని పంటల నీటి బడ్జెట్ అన్నారు. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి. వేరుశనగకు అందులో సగం కూడా అక్కర్లేదు. లోటు కళ్లముందు కనిపించాక ఏ పంట వేయాలో ఎవరి నిర్ణయం వాళ్లది. ఎవరూ ఎవరినీ ఒత్తిడి చేయలేదు. ఈ నీటి బడి నెలల తరబడి సాగేది.

స్క్రమ్ మూడు స్తంభాల మీద నిలబడుతుందని చెబుతారు. ఉన్నదున్నట్టు అందరికీ కనిపించాలి, తరచూ పరిశీలించాలి, దాన్నిబట్టి మార్చుకోవాలి. నీటిమట్టం బోర్డు మొదటిది. పక్షానికోసారి కొలత రెండోది. పంట మార్పు మూడోది. బోరులో ఉన్న నీటికి మించి పంట వేయలేనట్టే, బృందానికి ఉన్న శక్తికి మించి స్ప్రింట్‌లోకి పని తీసుకోకూడదు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఎంతో ఖర్చుపెట్టి నేర్పే ఈ క్రమశిక్షణను బోరుబావుల రైతులు తమ కొలతలతో తామే నేర్చుకున్నారు.

ఇప్పుడు బజారులో దొరికే శిక్షణ సంగతి చూద్దాం. స్క్రమ్ అలయన్స్ ఇచ్చే సీఎస్‌పీవో సర్టిఫికెట్‌కు సాధారణంగా రెండు రోజుల తరగతి ఉంటుంది. స్క్రమ్ డాట్ ఆర్గ్ ఇచ్చే పీఎస్‌పీవో మొదటి మెట్టుకు తరగతి తప్పనిసరి కాదు. 60 నిమిషాల్లో 80 ప్రశ్నలకు జవాబులు రాసి 85 శాతం తెచ్చుకోవాలి. ఇవి మాటలకు అర్థాలు నేర్పుతాయి, ఇంటర్వ్యూ గుమ్మం దాకా చేరుస్తాయి. వాటిని తక్కువ చేయనక్కర్లేదు. కానీ రెండు రోజుల్లో ఈత గురించి తెలుస్తుంది, ఈత రాదు. ఒక వస్తువును ఒక కాలం పాటు చేతిలో పెట్టుకుని, వాడేవాళ్ల ముఖాలు చూస్తూ, తప్పులు దిద్దుకుంటూ నడిపితేనే ఈ విద్య పట్టుబడుతుంది.

మన ఐటీ ఉద్యోగాల్లో ఇంకో చిక్కుంది. బృందం బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉంటుంది. అసలు నిర్ణయాలు తీసుకునేవారు అమెరికాలోనో ఐరోపాలోనో ఉంటారు. ఇక్కడున్న ప్రొడక్ట్ ఓనర్ పేరుకే ఓనర్. అక్కడివాళ్ల మాటను ఇక్కడికి మోసుకొస్తాడు, ఇక్కడి సందేహాలను అక్కడికి మోసుకెళ్తాడు. ఇలాంటివారిని ఆ రంగంలో ప్రాక్సీ పీవో అంటారు. వాడేవాడిని ఒక్కసారైనా చూడకుండా అతని కోసం ఏళ్ల తరబడి పనిచేస్తే వరస పెట్టే శక్తి పెరగదు. అందుకే ఉద్యోగంలో చేరకముందే, వాడేవాళ్లు చేతికందే దూరంలో ఉన్నప్పుడే ఈ అభ్యాసం జరగాలి.

మన కాలేజీలకు ఒక మాట

కర్నూలులో జగన్నాథగట్టు మీద 2015లో మొదలైన ట్రిపుల్ ఐటీ డీఎం ఉంది. 1985 నుంచి జి. పుల్లారెడ్డి ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. ఇడుపులపాయలో 2008 నుంచి ఆర్‌కే వ్యాలీ ట్రిపుల్ ఐటీ, కడపలో 2006 నుంచి యోగి వేమన విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఈ చదువుల తల్లుల ఒడిలో వేల మంది పల్లె పిల్లలున్నారు. చాలామందికి బోరు ఎండిపోవడమంటే ఏమిటో ఇంట్లోనే తెలుసు. మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల రాశి ముందు ధర కోసం నిలబడ్డ నాన్న ముఖం తెలుసు. కంపెనీలు యూజర్ రీసెర్చ్ పేరుతో డబ్బు పోసి సంపాదించుకునే తెలివిడి ఇది. మన పిల్లలు దాన్ని ఊళ్లోనే వదిలేసి హైదరాబాద్ బస్సెక్కుతున్నారు.

ఆఖరి ఏడాది ప్రాజెక్టులను ఈ విద్యకు బడిగా మార్చవచ్చు. ఆరుగురు విద్యార్థులు ఒక బృందం. అందులో ఒకరు ప్రొడక్ట్ ఓనర్. ఒక మండలం, ఒక సమస్య, ఒక పంటకాలం. మొదటి రెండు వారాలు కంప్యూటర్ ముట్టకూడదు. తెల్లవారుజామున యార్డుకు వెళ్లాలి, సచివాలయం దగ్గర కూర్చోవాలి, పొలం గట్టున మాట్లాడాలి. తర్వాత చీటీలు రాయాలి, వరస పెట్టాలి, ఆ వరసకు కారణం చెప్పాలి. రెండు వారాలకోసారి తయారైనదాన్ని ప్రొఫెసర్ కన్నా ముందు రైతుకో, దుకాణదారుకో చూపించాలి. వాళ్లు చెప్పినదాన్నిబట్టి చిట్టా ఏం మారిందో బోర్డు మీద రాయాలి. మార్కులు ఎన్ని సదుపాయాలు కట్టారన్న దానికి కాకుండా, ఏవి ఎందుకు వదిలేశారో చెప్పగలిగినందుకు ఇవ్వాలి.

దీనికి కొత్త భవనం అక్కర్లేదు, విదేశీ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఒక సెల్‌ఫోన్, ఒక తెల్లబోర్డు, వారానికో బస్సు టికెట్ చాలు. అధ్యాపకులు వచ్చే జూన్‌లోనే మొదలుపెట్టవచ్చు. ఇది చదువుతున్న విద్యార్థులు అప్పటిదాకా కూడా ఆగనక్కర్లేదు. రేపు పొద్దున మీ ఊళ్లో ఒక మనిషి దగ్గర కూర్చోండి. ఆయన పనిలో ఆలస్యమైతే ఎక్కువ నష్టపోయేది ఏదో అడగండి. వచ్చిన జవాబును ఒక చీటీ మీద రాయండి. మీ బ్యాక్‌లాగ్‌లో మొదటి చీటీ అదే.